చూపు బాగున్నప్పుడే కంటి తెర ఫొటో

ఈ పేజీ చదువుతున్న మీరు ఒక్క క్షణం ఆగండి. ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని, ఎదురుగా ఉన్న కిటికీ ఊచలనో, గోడ మీది క్యాలెండర్ గళ్లనో చూడండి. తర్వాత కుడి కన్ను మూసుకుని మళ్లీ చూడండి. గీతలు రెండుసార్లూ తిన్నగానే కనిపించాయా? సంతోషం. ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఇలా ఒక్కో కంటినీ విడివిడిగా ఇంతకుముందు ఎప్పుడైనా పరీక్షించుకున్నారా? మనలో చాలామందికి ఆ ఆలోచనే రాదు. మా అమ్మకూ రాలేదు.

మాది గవర్నర్‌పేట. ఇంట్లోంచి బయటికొచ్చి కాస్త నడిస్తే లెనిన్ సెంటర్, పాత పుస్తకాల దుకాణాలు. చుట్టుపక్కల వీధుల్లో డాక్టర్ల బోర్డులకు, ల్యాబులకు, మందుల షాపులకు కొదవ లేదు. గుడివాడ, అవనిగడ్డ, నూజివీడు వైపు నుంచి జనం బస్సు దిగి వైద్యం కోసం వెతుక్కుంటూ వచ్చే పేట ఇది. అలాంటిచోట ఉండి కూడా మా అమ్మ ఎడమ కంట్లో నడిమి చూపు పోగొట్టుకుంది. డబ్బుకు ఇబ్బంది లేదు, డాక్టర్లకు కరవు లేదు. కంటి వెనక ఉండే తెరను సమయానికి ఎవరూ ఫొటో తీయలేదు, తీయమని మేమూ అడగలేదు. అంతే.

మూడు జతల అద్దాలు

అప్పటికి అమ్మకు 68 ఏళ్లు. షుగర్ లేదు. బీపీకి రోజూ ఒక మాత్ర. మధ్యాహ్నం భోజనం అయ్యాక పేపరంతా తిరగేయందే కునుకు తీసేది కాదు. ఒకరోజు ‘అక్షరాలు అలికినట్టు ఉంటున్నాయిరా’ అంది. చత్వారం పెరిగిందనుకుని అద్దాలు మార్పించాం. ఆరు నెలలకు మళ్లీ అదే మాట. మళ్లీ అద్దాలు. ఏడాదిన్నరలో మూడు జతలు మారాయి. మేం వెళ్లింది కళ్లద్దాల దుకాణానికి. వాళ్లు పవర్ చూశారు, ఫ్రేములు చూపించారు. కంటిపాప విచ్చుకునే చుక్కల మందు వేసి లోపలికి చూసినవారు లేరు. వాళ్లను తప్పుపట్టను. అద్దాలు అమ్మేచోటికి వెళ్లి కంటి జబ్బు పరీక్ష అయిపోయిందనుకోవడం మా పొరపాటు.

తర్వాత ఒకనాడు పోపు చిట్లి కుడి కంటి దగ్గర నూనె చుక్క పడింది. అమ్మ ఆ కంటికి చెంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోంచి వస్తూ, ‘కిటికీ ఊచలు ఇలా వంకరపోయాయేంట్రా?’ అని అడిగింది. నేను లేచి వెళ్లి కిటికీ చూశాను. ఊచలు తిన్నగానే ఉన్నాయి.

ఆ వారంలోనే రెటీనా నిపుణుడి దగ్గరికి తీసుకెళ్లాం. ఫొటోలు తీశారు. ఎడమ కంటి తెర కింద కొత్త రక్తనాళాలు పుట్టి, వాటిలోంచి నీరూ రక్తమూ కారి, అప్పటికే మచ్చ కట్టేసింది. పోయిన చూపు తిరిగి రాదన్నారు. కుడి కంట్లో మాత్రం చిన్న చిన్న పసుపు రంగు చుక్కలు కనిపించాయి. ఆ రోజు నుంచి కొన్ని నెలలకోసారి కుడి కంటికి ఫొటో తీయించడం అలవాటైంది. రెండేళ్ల తర్వాత అలాంటి ఒక మామూలు పరీక్షలోనే తెర కింద సన్నని నీటి పొర కనిపించింది. అమ్మకు ఏ తేడా తెలియలేదు. చార్టులో చివరి వరస కూడా చదివేసింది. అయినా ఆలస్యం చేయకుండా ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఇవాళ్టికీ ఆ కంటితోనే పేపరు చదువుతోంది.

ఒకే మనిషి, ఒకే జబ్బు. ఒక కంటికి ఫొటో ఆలస్యమైంది, ఇంకో కంటికి వేళకు అందింది. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ తేడాలోనే ఉంది. కంటి తెర ఫొటో చూపు తగ్గాక వెతుక్కునే పరీక్షగా మిగిలిపోకూడదు. బీపీ, షుగర్ చూపించుకున్నట్టే, వయసును బట్టి, ఒంట్లో ఉన్న జబ్బును బట్టి, చూపు బాగున్నప్పుడే తీయించుకోవాలి.

కందిగింజంత చోటు

కంటి లోపల వెనకవైపు గోడకు పరుచుకుని ఉండే పల్చటి పొర రెటీనా. దాని నడుమ సుమారు ఐదున్నర మిల్లీమీటర్ల వెడల్పున, మన లెక్కలో కందిగింజంత, ఉండే భాగమే మాక్యులా. సూదిలో దారం ఎక్కించడం, బియ్యంలో రాళ్లు ఏరడం, బస్సు బోర్డు చదవడం, ఎదురొచ్చేది ఎవరో పోల్చుకోవడం... అన్నీ ఈ గింజంత చోటు చేసే పనులే. ఇది దెబ్బతింటే పక్క చూపు మిగులుతుంది కాబట్టి మనిషి ఇంట్లో తిరగగలడు. మనవరాలి ముఖం మాత్రం కనపడదు.

ఈ జబ్బు మొదట్లో ఎందుకు తెలియదు? రెండు కారణాలు. ఒక కన్ను తప్పు చూస్తే రెండో కన్ను దాన్ని కప్పిపుచ్చుతుంది. మెదడు ఆ రెండింటినీ కలిపి బొమ్మను సరిచేసి చూపిస్తుంది. ఇక రెండోది, వయసుతో వచ్చే మాక్యులా క్షీణత తొలి దశలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, నీరు కారదు. డ్రూసెన్ అనే పసుపు రంగు నిక్షేపాలు తెర కింద మెల్లగా పోగుపడుతుంటాయి. ఆ దశలో చార్టు చదివిస్తే చాలామంది బాగానే చదువుతారు. ‘సిక్స్ బై సిక్స్’ అని కాగితం మీద రాసి ఇచ్చినంత మాత్రాన రెటీనా బాగున్నట్టు లెక్క కాదు.

క్షీణతలో రెండు రకాలున్నాయి. పొడి రకం ఏళ్ల తరబడి నెమ్మదిగా నడుస్తుంది. తడి రకంలో కొత్త రక్తనాళాలు పుట్టి కారడం మొదలవుతుంది. వారాల్లో, నెలల్లో చూపును తినేస్తుంది. పొడి రకం ఉన్నవాళ్లలోనే కొందరికి అది తడిగా మారుతుంది. ఎప్పుడు మారుతుందో ముందుగా చెప్పలేం. అందుకే కాపలా కాయాలి.

పైనుంచి ఒక ఫొటో, అడ్డంగా ఒక కోత

ఫొటో అంటున్నాను గానీ ఇవి రెండు వేర్వేరు పరీక్షలు. మొదటిది ఫండస్ ఫొటో. గడ్డం ఆనించి కూర్చుంటే ఒక్క మెరుపులో కంటి వెనక గోడను రంగుల్లో తీస్తుంది. డ్రూసెన్, రక్తపు చుక్కలు, షుగర్ తెచ్చే మార్పులు ఇందులో కనిపిస్తాయి. రెండోది ఓసీటీ. దీన్ని 1991లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో బృందం ప్రపంచానికి చూపింది. సూది లేదు, ఎక్స్‌రే లేదు. కాంతిని పంపి, తిరిగొచ్చిన కాంతిని లెక్కగట్టి రెటీనా పొరలను విడివిడిగా చూపిస్తుంది. మిల్లీమీటరులో నూరో వంతు తేడాను కూడా ఇది పట్టగలదు.

డెల్టా మనుషులం కాబట్టి ఇలా చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ఫండస్ ఫొటో అంటే గట్టు మీద నిలబడి పొలమంతా చూడటం. ఓసీటీ అంటే గొయ్యి తీసి మట్టి పొరలు చూడటం. పైన పొలం ఆరినట్టే ఉన్నా అడుగున ఊట ఉంటే గొయ్యిలోనే బయటపడుతుంది. మాక్యులా వాపు, తెర కింద నీరు తొలి దశలో ఫండస్ ఫొటోలో తప్పించుకోవచ్చు. ఓసీటీలో దొరికిపోతాయి. అమ్మ కుడి కంట్లో దొరికింది అలాగే.

‘మనకు రాదులే’ అనుకోవద్దు

ఇది తెల్లవాళ్ల జబ్బు, మన దగ్గర అరుదు అనే మాట ఇప్పటికీ వింటుంటాం. మన నేల మీదే జరిగిన అధ్యయనం ఒకటుంది. కృష్ణా జిల్లాలో పుట్టిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల అధ్యయనం చేసింది. హైదరాబాద్‌తో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 10,293 మందిని పరీక్షించింది. 40 ఏళ్లు దాటినవారిలో 1.82 శాతం మందికి వయసుతో వచ్చే మాక్యులా క్షీణత కనిపించింది. అంటే నూరు మందిలో దాదాపు ఇద్దరు. చుట్ట బాగా కాల్చేవారిలో ముప్పు ఎక్కువని కూడా అదే అధ్యయనం తేల్చింది. అరుగు మీద చుట్ట వెలిగించే తాతయ్య ఉన్న ఇళ్లకు ఈ సంగతి చేరాలి.

మాక్యులాకు షుగర్ నుంచి వచ్చే ముప్పు ఇంకా పెద్దది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం అంచనా వేసింది. షుగర్ వల్ల రెటీనాలోని సన్నని రక్తనాళాలు కారి మాక్యులా ఉబ్బుతుంది. దీనికి వయసుతో పని లేదు. నలభై ఏళ్ల ఉద్యోగికీ రావచ్చు. షుగర్ అదుపులోనే ఉందనుకునేవారికీ రావచ్చు. మూడు నెలలకోసారి చక్కెర చూపించుకుంటూ, ఏళ్లు గడిచినా కంటి తెర చూపించుకోనివారు మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్కపెట్టండి.

అందరికీ అన్నీ అక్కర్లేదు

‘ఇదీ ఇంకో టెస్టేనా? ల్యాబులకు పెట్టింది చాలదా?’ అని మీకు అనిపించడం సహజం. ఆ అనుమానం మంచిదే. ముప్పై ఏళ్ల ఆరోగ్యవంతుడు ఏటా ఓసీటీ తీయించుకోవాలని నేను అనను. వయసు పైబడ్డాక ఒకటి రెండు సన్నని చుక్కలు కనిపించడం మామూలే. వాటిని చూసి బెదిరిపోయి నెలనెలా ఖరీదైన కళ్ల గోలీలు కొనేవాళ్లున్నారు. అమెరికాలో 2001లో వెలువడిన ‘ఏరెడ్స్’ అధ్యయనం ప్రకారం ప్రత్యేక మోతాదులో విటమిన్లు, జింక్ ఇవ్వడం వల్ల మధ్యస్థ దశకు చేరినవారిలో జబ్బు ముదిరే ముప్పు 25 శాతం తగ్గింది. తొలి దశలో ఉన్నవారికి అలాంటి మేలు కనిపించలేదు. పైగా పాత గోలీల్లోని బీటా కెరోటిన్ వల్ల పొగతాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. 2013లో వెలువడిన రెండో అధ్యయనం తర్వాత దాని స్థానంలో ల్యూటిన్, జియాజాంథిన్ వచ్చాయి. కాబట్టి ఏ దశో తెలియకుండా గోలీ కొనకండి. ఆ దశ చెప్పేది ఫొటోనే.

ఇంకో అభ్యంతరం కూడా విన్నాను. ‘పొడి రకానికి మందే లేనప్పుడు ముందే తెలుసుకుని ఏం లాభం, దిగులు తప్ప?’ లాభం ఉంది. పొడి రకమని తెలిసినవాళ్లు పొగ మానేస్తారు, ఒక్కో కంటినీ విడిగా గమనించుకుంటారు, తడిగా మారిన వెంటనే పరుగెత్తుతారు. తడి రకానికి 2006 నుంచి మంచి ఇంజెక్షన్లు అందుబాటులోకి వచ్చాయి. కంటికి మొద్దుబారే చుక్కలు వేసి ఇస్తారు. చాలామందిలో ఉన్న చూపును నిలబెడతాయి, కొందరిలో మెరుగుపరుస్తాయి. మచ్చ కట్టాక మాత్రం ఏమీ చేయలేవు. ఖర్చు గురించి భయపడేవారికి ఇంకో మాట. 2011లో వెలువడిన ‘క్యాట్’ అధ్యయనం చూపు విషయంలో ఖరీదైన రానిబిజుమాబ్, చౌకైన బెవాసిజుమాబ్ దాదాపు సమానమని తేల్చింది. ఏది తగినదో డాక్టరుతో మొహమాటం లేకుండా మాట్లాడండి.

మరి ఎవరు, ఎప్పుడు? సాధారణంగా వచ్చే టైప్-2 షుగర్ అయితే జబ్బు తెలిసిన ఏడాదే ఒకసారి, ఆ తర్వాత ఏటా. చిన్న వయసులో వచ్చే టైప్-1 అయితే ఐదేళ్ల లోపు మొదలుపెట్టాలి. యాభై దాటినవారు లక్షణం లేకపోయినా చుక్కల మందు వేయించుకుని రెటీనా ఒకసారి చూపించుకోవాలి. అమ్మానాన్నలకో, తోబుట్టువులకో ఈ జబ్బు ఉంటే, పొగ అలవాటు ఉంటే, ఇంకా శ్రద్ధ పెట్టాలి. కీళ్లవాతానికి, లూపస్‌కు హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవారు మొదటి ఏడాదిలోనే ఒకసారి రెటీనా చూపించుకోవాలి, ఐదేళ్లు దాటాక ఏటా. ఈ మందు దీర్ఘకాలం వాడితే మాక్యులా దెబ్బతినే అవకాశం ఉంది. మోకాళ్ల నొప్పులకో, ఆయాసానికో స్టెరాయిడ్లు వాడుతూ చూపు మధ్యలో మసక మచ్చ కనిపిస్తే ఆ సంగతి కంటి డాక్టరుకు తప్పక చెప్పండి. స్టెరాయిడ్ల వల్ల కూడా మాక్యులా కింద నీరు చేరవచ్చు.

శిబిరాల్లో అద్దాలతో సరిపెట్టొద్దు

ఈ బాధ్యతంతా కుటుంబాల మీదే వదిలేయలేం. తెలంగాణ 2018 ఆగస్టు 15న ‘కంటి వెలుగు’ మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2019 అక్టోబరు 10న తన ‘కంటి వెలుగు’ను ఆరంభించింది. లక్షలమందికి చూపు పరీక్షలు జరిగాయి, అద్దాలు అందాయి. మెచ్చుకోదగ్గ పని. కానీ వీటిలో ప్రధానంగా జరిగింది అద్దాలివ్వడం, శుక్లాలు గుర్తించడం. మాక్యులా జబ్బు అద్దాలతో తీరేది కాదు.

దారి తెలియక కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనే 2018లో సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ‘ముఖ్యమంత్రి ఈ-ఐ కేంద్రాలు’ పెట్టారు. ఫండస్ కెమెరాతో ఫొటో తీసి పంపితే దూరంగా ఉన్న నిపుణులు చూసి చెప్పే పద్ధతి అది. ఆలోచన మన రాష్ట్రానికి సరిగ్గా సరిపోయేది. కోడూరులోనో, నాగాయలంకలోనో ఉన్న పెద్దావిడ ఒక్క ఫొటో కోసం విజయవాడ బస్సెక్కక్కర్లేదు. కంప్యూటరు సాయం కూడా పెరిగింది. 2016లో గూగుల్ పరిశోధకులు షుగర్ వల్ల వచ్చే రెటీనా జబ్బును ఫొటోలో గుర్తించే కృత్రిమ మేధను ప్రకటించినప్పుడు, దానికి నేర్పిన ఫొటోల్లో మన దేశపు కంటి ఆసుపత్రులవీ ఉన్నాయి. 2018లో అలాంటి ఒక విధానానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది.

ఇవన్నీ చూశాక ప్రభుత్వాన్ని, ఏ పార్టీదైనా సరే, అడగాల్సింది ఒక్కటే. పథకాల పేర్లు మారినా కెమెరాలు మూలన పడకూడదు. షుగర్ మందులు ఇచ్చే ప్రతి ప్రభుత్వ కేంద్రంలోనూ ఏడాదికోసారి కంటి తెర ఫొటో తీసే ఏర్పాటు ఉండాలి. తేడా కనిపించినవారిని ఓసీటీ, ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రి దాకా చేర్చే మనిషి కూడా ఉండాలి. ఫొటో తీసి, ఫలానా జబ్బు ఉందని చెప్పి వదిలేస్తే, గొయ్యి తవ్వి నీరు తోడకుండా వెళ్లిపోయినట్టే.

ఈ నెలలో మీరు చేయగలిగింది

మీ హెల్త్ చెకప్ ప్యాకేజీ కాగితం తీసి చూడండి. కంటి పరీక్ష అని ఉంటే అది చార్టు చదివించడమా, రెటీనా చూడటమా అని ఫోను చేసి అడగండి. కళ్లద్దాలు మార్పించాల్సి వస్తే, ముఖ్యంగా యాభై దాటాక, ముందు కంటి డాక్టరుకు చూపించి ‘చుక్కలు వేసి రెటీనా కూడా చూడండి’ అని అడగండి. ఫండస్ ఫొటో సరిపోతుందా, ఓసీటీ కావాలా అనేది డాక్టరు నిర్ణయిస్తారు. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, వెలుతురు గుచ్చుతుంది. బండి నడుపుకుంటూ వెళ్లకండి. ఇంట్లోవాళ్లనెవరినైనా తోడు తీసుకెళ్లండి.

తీసిన ఫొటోలు ఫోనులోకి తెచ్చుకోండి, కాగితం మీద కూడా అచ్చు వేయించుకుని తేదీ రాసి దాచండి. పెళ్లి ఆల్బమ్ దాచినంత జాగ్రత్తగా దాచండి. మూడేళ్ల తర్వాత ఏదైనా తేడా వస్తే, అది కొత్తదా పాతదా అని చెప్పేది ఆ తొలి ఫొటోనే. ఊరు మారినా, డాక్టరు మారినా అది మీతో ఉండాలి.

వారానికోసారి, చదివే అద్దాలు పెట్టుకుని, ఒక్కో కన్ను మూసి గళ్ల కాగితమో, క్యాలెండరో చూడండి. గీత వంకరపోయినా, మధ్యలో మచ్చ కనిపించినా, అక్షరం ఎగిరిపోయినా పండగ అయ్యాక చూద్దాంలే అనుకోకండి. రెండు మూడు రోజుల్లోనే రెటీనా నిపుణుణ్ని కలవండి. ఈ ఇంటి పరీక్ష అన్నింటినీ పట్టలేదు. గీతలు తిన్నగా కనిపించాయని ఏటా చేయించే పరీక్ష మానకండి.

మా ఇంట్లో మూడు జతల పాత అద్దాలు ఇంకా బీరువాలో ఉన్నాయి. అమ్మ పారేయనివ్వదు. వాటి పక్కనే కుడి కంటి ఫొటోల ఫైలు ఉంటుంది. పైన ఆమె చేత్తోనే రాసుకున్న తేదీలు. కిందటి పరీక్షకు వెళ్లేటప్పుడు ఆ ఫైలు చంకలో పెట్టుకుని నన్ను అడిగింది, ‘నీకు యాభై రెండొచ్చాయి కదరా, నీ ఫైలేది?’ అని. నా దగ్గర లేదు. ఆ రోజే నేనూ వరసలో కూర్చుని చుక్కలు వేయించుకున్నాను. అమ్మ అడిగిన ప్రశ్నే ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఫైలేది?